రోహిణి కార్తెలో వచ్చిన జీపు

అబద్ధం చెప్పని మనిషిని కూడా అనుమానించవచ్చునా?

నాలుగు రోజులుగా నన్ను నేను అడుగుతున్న ప్రశ్న ఇది. జీపు అమ్ముతానన్న అంతయ్య నాతో చెప్పిన మాటల్లో ఒక్కటి కూడా అబద్ధమని తేలలేదు. జీపును యుద్ధకాలంలో మిలిటరీ వాళ్ళు వాడారని, తరువాత వేలంలో బయటికి వచ్చిందని చెప్పాడు. కాగితాల్లో అట్లాగే ఉంది. తన చేతికి వచ్చి ఎనిమిది నెలలైందన్నాడు. ఆదిలాబాద్ కచేరీలో గుమాస్తాగా ఉన్న నా పాత శిష్యుడు రిజిస్టరు తీసి చూసి అవునన్నాడు. ఇంజను ఒకసారి విప్పి కట్టించానన్నాడు. కట్టిన మేస్త్రీని వెతికి పట్టుకొని అడిగితే తేదీతో సహా చెప్పాడు. ఇన్ని నిజాలు విన్న మనిషికి నమ్మకం కుదరాలి. నాకు మాత్రం ప్రతి నిజంతోనూ అనుమానం ఒక మెట్టు పైకెక్కింది.

కారణం ఒకటే. ఆ మనిషి అడిగినదానికే జవాబు చెబుతాడు. చెప్పడం అయిపోగానే నోరు మూసుకొంటాడు. అమ్ముకొనేవాడు తన సరుకును పొగడాలి; అడగని గుణాలు కూడా ఏకరువు పెట్టాలి. అప్పుడు మనం అందులో సగం తీసివేసి మిగిలింది నమ్ముతాం. అంతయ్య పొగడడు. తీసివేయడానికి ఏమీ ఇవ్వని మనిషి దగ్గర ఏది మిగులుతుందో నాకు తెలియలేదు.

నేను మా ఊరి బడిలో ఉపాధ్యాయుణ్ణి. ఆదిలాబాద్ నుంచి మా ఊరు పదకొండు మైళ్ళు. ఆరు మైళ్ళు కంకర సడక్, తరువాత వాగు, వాగు దాటితే ఐదు మైళ్ళు నల్లరేగడి. దీపావళి నుంచి రోహిణి కార్తె దాకా ఆ ఐదు మైళ్ళు రాయిలాగ గట్టిగా ఉంటాయి. పత్తి బండ్లు వరుస కట్టి పోతాయి. మృగశిరలో మొదటి పెద్దవాన పడిందంటే అది వేరే నేల. ఇరుసు దాకా దిగబడిన బండిని రెండు జతల ఎడ్లు కూడా లాగలేవు. నాలుగు నెలలు ఊరు తనలో తాను ఉంటుంది.

రెండేళ్ళ కింద, శ్రావణంలో, నా భార్య అనసూర్యకు తొలి కాన్పు. ఆ యేడు పదిహేను రోజులుగా వాన లేక దారి ఆరి ఉంది. పుట్టింట్లో జరగవలసింది, వాళ్ళది చొప్పదండి. కానీ ఆమె తల్లి పోయి అప్పటికి ఏడాది కావడంతో మా ఇంట్లోనే ఉండిపోయింది. తెల్లవారుతుండగా నొప్పులు మొదలయ్యాయి. పొద్దు పొడిచేసరికి మంత్రసాని ఐలవ్వ బయటికి వచ్చి, బిడ్డ అడ్డం తిరిగి ఉంది, వెంటనే ఆదిలాబాద్ దవాఖానకు తీసుకుపొమ్మని చెప్పింది. నేను నమ్మలేదు. అంతకుముందు నెలలో ఆమె చేతిలో ఒక కాన్పు చెడింది. నింద తన మీదికి రాకుండా ఇక అందరినీ పట్నానికి పంపిస్తుందని ఊళ్ళో అనుకొంటున్నారు. ఆ మాట నాకు తర్కానికి నిలిచేదిగా తోచింది. మధ్యాహ్నం దాకా చూద్దామన్నాను. మధ్యాహ్నానికి వాన వచ్చింది. బండి వాగు చేరనే లేదు. రేగడిలో దిగబడిన బండి మీద, గోనెపట్టా కింద, మగబిడ్డ పుట్టాడు. ఏడవలేదు.

ఆ పొద్దుటి మాటను అనసూర్య ఈ రెండేళ్ళలో ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఎత్తి ఉంటే నేను ఏదో ఒక జవాబు చెప్పుకొని ఉండేవాణ్ణి. ఆమె నాకు ఆ అవకాశం ఇవ్వలేదు.

ఇప్పుడు పందొమ్మిది వందల అరవై రెండు, రోహిణి కార్తె చివరి వారం. అనసూర్యకు ఎనిమిదో నెల నిండుతోంది. పది రోజుల కింద ఐలవ్వ వచ్చి కడుపు మీద చేయి వేసి చూసింది. చూసినది నాతో చెప్పలేదు. అరుగు మీద కూర్చున్న మా బాపు దగ్గరికి పోయి చెప్పింది.

"గిప్పుడు గూడ అడ్డమే ఉన్నది హనుమండ్లన్నా. ఇంక దినాలున్నయి, తిరుగుతదో ఏమో. తిరగకపోతె నాతోని గాదు. ముందుగాలనే చెప్తున్న. నాడు చెప్తె ఇనెటోల్లు లేకపాయె."

నేను గుమ్మంలోనే ఉన్నాను. ఆమె నా వైపు చూడకుండా వెళ్ళిపోయింది.

మరునాడే నేను జీపు కోసం బయలుదేరాను. అటవీ శాఖ వాళ్ళ జీపు నడివానలో మా ఊరికి రావడం నా కళ్ళతో చూశాను. ముందు చక్రాలు, వెనక చక్రాలు రెండూ లాగుతాయి కనుక అది రేగడిలో ఆగదు. ఆ ఆలోచన ఒకసారి వచ్చిన తరువాత దానికి ఇంకా పనులు దొరికాయి. బాపు మోకాళ్ళకు మందు ఇప్పించవచ్చు. పత్తిని మా అంతట మేము అంగడికి చేర్చవచ్చు. పుట్టబోయే బిడ్డను ఎప్పుడో ఒకనాడు పెద్దబడికి దింపి రావచ్చు. నాకు జీపు కావాలా, జీపు ఉన్న మనిషినని అనిపించుకోవాలా అని కూడా నన్ను నేను అడిగాను. రెండోది కొంత ఉంది, కాదనను. కానీ వీటన్నిటి కింద ఉన్న కోరిక ఒక్కటే: ఒక వానలో, ఎప్పుడు పిలిస్తే అప్పుడు, పదకొండు మైళ్ళు.

చిక్కు ఇక్కడే మొదలైంది. నా అనుమానం ఒకసారి ప్రాణం తీసింది. కనుక నా అనుమానాన్ని నేనే అనుమానించడం మొదలుపెట్టాను. అంతయ్య ముఖం చూసి మనసు వెనకాడినప్పుడల్లా, ఇది వివేకమా, లేక ఆ పాత రోగమే మరో వేషంలో వచ్చిందా అని తడుముకొన్నాను. ఈసారి నమ్మేద్దామనుకొంటే, నమ్మి కొన్న బండి ఆ రోజున ఆ వానలో ఆగిపోతే? అప్పుడు నమ్మకం ప్రాణం తీసినట్టు. చచ్చిపోయిన వాళ్ళకు ఆ రెంటికీ తేడా లేదు.

నాలుగో రోజు ఉదయం అంతయ్య జీపును తానే నడుపుకొంటూ మా ఊరికి తెచ్చాడు. యాభై దాటిన మనిషి. సన్నగా, ఎండుకట్టెలాగ ఉంటాడు. ఇరవై ఏళ్ళు అంగళ్ళు తిరిగి ఎడ్ల బేరాలు చేసి, ఇప్పుడు ఆదిలాబాద్‌లో పాత ఇంజన్లు, మోటార్లు కొని అమ్ముతున్నాడు. ఉట్నూరు వైపు ఒక కంట్రాక్టరు ఈ జీపును అడుగుతున్నాడట. పొద్దు నెత్తి మీదికి వచ్చేలోగా నేను ఏదో ఒకటి చెప్పాలట. అమ్మేవాడి వెనక ఇంకొక కొనేవాడు ఎప్పుడూ నిలబడే ఉంటాడు. అది కూడా నిజమే అయి ఉంటుంది.

బాపు చేతులు వెనక్కి కట్టుకొని జీపు చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

"గడ్డి తినదు, మంచిదే. గా పెట్రోలు ఏ చేన్ల పండిస్తవురా?" అని నన్ను అడిగాడు.

"ఆదిలాబాద్‌ల దొరుకుతది బాపు."

"వానల ఆదిలాబాద్ పోనీకి పెట్రోలు గావాలె. పెట్రోలు తేనీకి ఆదిలాబాద్ పోవాలె. మంచి జత దొరికింది."

అంతయ్య నవ్వాడు. "డబ్బాలల్ల తెచ్చి పెట్టుకుంటరు పెద్దయ్యా."

"యాడ పెట్టాలె? పొయ్యి పక్కనా?" బాపు టైరును కాలితో తట్టాడు. "మరి తోలేదెవలు?"

"నేనే నేర్చుకొంట," అన్నాను.

"నువ్వా? నాగలి వడితె సాలు వంకర పోతది నీది."

"సడక్ మీదనైతె పదొద్దుల్ల వస్తది పెద్దయ్యా," అన్నాడు అంతయ్య. తరువాత ఊరుకొన్నాడు.

నేను వంగి జీపు కింద చూశాను. ఇది నాలుగోసారో ఐదోసారో. ఇనుప చట్రం, దాని మీద కొత్తగా పూసిన నల్లరంగు, గొట్టాలు, వెనక చక్రాల వైపు పోయే లావుపాటి ఇనుప కడ్డీ. ఎండిన బురద చుక్క కూడా లేదు. ఐదు మైళ్ళ దుమ్ములో వచ్చిన బండికి పై రేకుల మీద దుమ్ము ఉంది, కింద పలచటి దుమ్ము చాటున కడిగిన మెరుపు ఉంది.

"కింద గూడ కడిగినవా అన్నా?"

"కడిగిన సారూ."

"ఎందుకు?"

"మన్ను వట్టి ఉండె."

దీనికి ఎదురు చెప్పడానికి ఏముంది? మన్ను పట్టినదాన్ని కడగడం తప్పు కాదు. నేను లేచి నిలబడి, సీటు పక్కన ఉన్న పొట్టి లివర్లను చూపించాను. అందులో ఒకటి ముందు చక్రాలకు కూడా బలం ఇచ్చేదని అటవీ శాఖ డ్రైవరు ఒకసారి చెప్పాడు.

"గిది గుంజితె నాలుగు గీరలు గుంజుతయి గదా?"

"గందుకే వెట్టిన్రు సారూ మిలిట్రోల్లు," అన్నాడు అంతయ్య, లివరు పట్టి ముందుకు నెట్టి చూపిస్తూ. అది సాఫీగా కదిలింది. లోపల ఎక్కడో ఇనుము ఇనుముతో కలిసిన చప్పుడు వచ్చింది.

ఇంటి వెనక బావి కింద వంగతోటకు ఆ పొద్దున నీళ్ళు పారుతున్నాయి. మడులు నిండి నల్లగా మెరుస్తున్నాయి.

"ఒక్కసారి గా తోటల తోలి చూపెట్టు అన్నా."

"చెట్లు ఖరాబైతయి సారూ."

"పోతె పోనీ."

"గట్టి దారి మీద ఎంత దూరమంటె గంత దూరం తోల్త. కూసోండ్రి."

కూర్చున్నాను. ఊరి బయటి మామిడితోట దాకా తీసుకుపోయి తిప్పి తెచ్చాడు. ఇంజను చప్పుడు తేటగా ఉంది. గుంతల్లో దిగి ఎక్కింది. బ్రేకు పట్టింది. నా ఒళ్ళు ఆ వేగానికి సంతోషించింది. ఆ సంతోషాన్ని కూడా నేను అనుమానించాను. నేను బురద అడిగాను, అతడు దూరం ఇచ్చాడు. అయితే అతడు కాదనలేదు. చెట్లు పాడవుతాయన్నాడు, అంతే. అవి పాడవుతాయన్నది వాస్తవం. గట్టిగా పట్టుబడితే కోపం వచ్చి ఉట్నూరు పోతాడేమో. పట్టుబట్టకపోతే? మృగశిరకు ఇంకా వారం. ఇంకొక జీపును వెతికి, ఇంకొక నాలుగు రోజులు విచారించి, ఇంకొక మనిషి నిజాలను తూచడానికి నాకు వ్యవధి ఎక్కడిది?

ఇంటి ముందు దిగేసరికి అనసూర్య రెండు గ్లాసుల్లో చల్ల తెచ్చింది. బరువుగా, ఒక చేయి నడుము మీద వేసుకొని నడుస్తోంది. అంతయ్య గ్లాసు అందుకొని ఆమె ముఖంలోకి చూశాడు.

"నువ్వు చొప్పదండి కొమురెల్లి బిడ్డవు గాదూ?"

"అవు కాకా."

"మీ నాయన, నేను ఎన్ని అంగళ్ళు తిరిగినమో తెల్సా? చిన్నప్పుడు సద్దిమూట తెస్తుంటివి. ఎడ్ల కాళ్ళ సందుల నుంచి దూరి వస్తుంటివి."

"తెల్సు. నిన్ను అప్పుడే గుర్తువట్టిన. దిగంగనె."

మామగారూ ఎడ్ల వ్యాపారే కనుక ఇద్దరికీ పరిచయం ఉండడం వింత కాదు. కానీ నాకు చెప్పకుండా ఇంతసేపూ ఇంట్లోనే ఉండి చూస్తూ ఉందన్నమాట. ఆమె నా వైపు తిరిగింది.

"చూసుడు అయ్యిందా?"

"చూస్తున్నం."

"నాలుగొద్దుల సంది చూస్తున్నరు. నన్నెప్పుడు అడుగుతరు?"

"బండి సంగతి నీకేం తెల్సు పిల్లా?" అన్నాడు బాపు. కసిరినట్టు కాదు, నిజంగానే అడిగాడు.

ఆమె జీపు దగ్గరికి నడిచి, ఇంజను మీది రేకు మీద అరచేయి ఆనించింది. రేకు వేడిగా ఉండి ఉంటుంది. చేయి తీయలేదు.

"కాకా, పోయి గా చక్రం వట్టుకో."

అంతయ్య ముఖంలో నవ్వు సగంలో ఆగింది.

మా వైపు పశువుల అంగట్లో ఒక కట్టుబాటు ఉంది. అమ్మేవాడు ఎద్దు పలుపు పట్టుకొని నిలబడతాడు. కొనేవాడు ఎద్దు వీపు మీద చేయి వేసి అడుగుతాడు. అప్పుడు అడిగినదానికి అబద్ధం చెప్పినట్టు తేలితే ఎద్దును వెనక్కి తీసుకోవాలి. ఆ మనిషి ఆ అంగట్లో మళ్ళీ పలుపు పట్టకూడదు. అడగని లోపానికి మాత్రం అమ్మినవాడి పూచీ లేదు. చెప్పనవసరం లేదు, చెప్పకపోవడం మోసం కాదు. ఈ సంగతి నేను చిన్నప్పటి నుంచి ఎరుగుదును. ఎద్దులకే అనుకొన్నాను. అంతయ్య ఇరవై ఏళ్ళ అలవాటుతో జీపును కూడా అట్లాగే అమ్ముతున్నాడు. నేను దాన్ని కచేరీ గుమాస్తాలాగ కొంటున్నాను. నంబర్లు అడిగాను, తేదీలు అడిగాను. ఆ ప్రశ్నలకు అతడు ఎన్నడూ అబద్ధం చెప్పవలసిన పని పడలేదు.

"గిది ఎద్దా బిడ్డా?" అన్నాడు అంతయ్య.

"నువ్వు అమ్మెడిది ఎద్దును అమ్మినట్టే ఉన్నది. వట్టుకో."

అతడు చల్ల గ్లాసును అరుగు మీద పెట్టాడు. రుమాలుతో మూతి తుడుచుకొన్నాడు. నెమ్మదిగా పోయి స్టీరింగు మీద చేయి వేశాడు.

"కాడి కింద పండుకుంటదా?" అని అడిగింది అనసూర్య.

నాగలి కట్టిన తరువాత మధ్యలో కూలబడి లేవని ఎద్దును గురించి అడిగే ప్రశ్న అది.

"గట్టి నేల మీద పండుకోదు."

"నేల అడగలే కాకా. పండుకుంటదా, పండుకోదా?"

అతడు బాపును చూశాడు, నన్ను చూశాడు, వంగతోటను చూశాడు.

"బురదల పండుకుంటది," అన్నాడు.

అతడే, చేయి స్టీరింగు మీద నుంచి తీయకుండా, మిగిలింది చెప్పాడు. పోయిన వానకాలం ఈ జీపు అడవిలో కట్టెల బరువుతో దిగబడింది. పాత యజమాని బలవంతంగా లాగించాడు. ముందు చక్రాలకు బలం తీసుకుపోయే కడ్డీ విరిగింది. విరిగినదాన్ని విప్పి పారేశారు. లివరు కదులుతుంది, చప్పుడు వస్తుంది. ముందు చక్రాలు మాత్రం ఊరికే దొర్లుతాయి. పొడినేల మీద వెనక చక్రాలే చాలు కనుక ఎవరికీ తెలియదు.

నేను మళ్ళీ వంగి కింద చూశాను. వెనక్కి పోయే కడ్డీ ఉంది. ముందుకు పోవలసిన చోట ఏమీ లేదు. ఇన్నిసార్లు చూశాను, ప్రతిసారీ ఉన్నవాటినే చూశాను. లేనిదాన్ని చూడాలంటే అది ఉండాలని ముందే తెలిసి ఉండాలి. తెలియనివాడికి ఖాళీ కూడా శుభ్రంగానే కనిపిస్తుంది.

"ఎందుకు చెప్పలే అన్నా?" అన్నాను లేస్తూ.

"మీరు అడగలే సారూ. కాగితాలడిగిన్రు, చూపెట్టిన. ఇంజనడిగిన్రు, చెప్పిన. నేను ఆడిన అబద్ధం ఒక్కటి చెప్పుండ్రి."

"నీల్లకు బెదురుతదా?" అనసూర్య ఆపలేదు.

"మోకాలు లోతు దాటిస్తది. ఎక్కువైతె ఆగిపోతది."

"పొద్దుగాల లేస్తదా?"

"చలికి మొరాయిస్తది. ముంగట నుంచి హ్యాండిల్ తిప్పాలె."

"గా ఇరిగింది మల్ల దొరుకుతదా?"

"నాగపూర్‌ల దొరుకుతదంటరు. దొరికితె పదిహేనొద్దులు. దొరక్కపోతె నాకు తెల్వదు."

ఆమె అరచేయి తీసి కొంగుకు తుడుచుకొంది. బాపు గొంతు సవరించుకొన్నాడు.

"మిషిన్ గదా అని నేను గూడ నోరు మూసుకున్న. అడిగేది గిదే గదనే పిల్లా. ఇంకేంది, ఉట్నూరు పొమ్మను."

నేను మాత్రం అప్పటికే లెక్క కట్టడం మొదలుపెట్టాను. నాగపూర్‌కు నేనే పోతే? పదిహేను రోజులంటే మృగశిర సగం గడిచిపోతుంది. మొదటి వాన ఆలస్యమైతే? మంచిర్యాలలో ఎవరి దగ్గరైనా మరొక జీపు ఉందేమో, రేపే పోయి చూస్తే? నా ముఖం అనసూర్యకు తెలుసు. దగ్గరికి వచ్చి, బాపుకు వినబడనంత నెమ్మదిగా మాట్లాడింది.

"నాడు పొద్దుగాల ఐలవ్వ చెప్పింది. నువ్వు ఐలవ్వను చూసినవు, నిజం చెప్తున్నదా అని. మొగులును చూసినవు, వాన వస్తదా అని. పగటాల్ల దాక చూసినవు. నన్ను చూడలే."

రెండేళ్ళుగా నేను సిద్ధం చేసుకొన్న జవాబులన్నీ వదిలేశాను.

"అవును," అన్నాను.

"గిప్పుడు జీపును చూస్తున్నవు."

ఆమె కోపంగా అనలేదు. ఒక సంగతిని ఉన్నదున్నట్టు చెప్పింది. నేను తల తిప్పి ఊరి బయటి దారిని చూశాను. తెల్లగా, గట్టిగా, పగుళ్ళు విచ్చి ఉంది. ఆకాశంలో పడమటి వైపు మాత్రం సన్నటి మబ్బు. నాలుగు రోజులుగా నేను వెతుకుతున్నది వానలో నమ్మదగిన బండి. వాన పడేదాకా ఆమెను ఇక్కడే ఉంచాలని ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. మా ఇంటి ఆడవాళ్ళు అద్దె ఇంట్లో కనలేదు కనుక, విత్తనాలు వేసే కాలం కనుక, పట్నంలో మాకు చుట్టాలు లేరు కనుక, ఆ మాట మా ఎవరి నోటికీ రాలేదు. ఈ నాలుగు రోజుల జీపు విచారణను నేను ఆలోచన అని పిలుచుకొన్నాను. అది చూస్తూ కూర్చోవడానికి దొరికిన మరొక పేరు.

"అంతన్నా," అన్నాను. "జీపు నేను కొనను. ఇయ్యాల మమ్ములను ఆదిలాబాద్ తోల్కపోవాలె. గిప్పుడే. కిరాయి తీసుకో."

"నేను తెచ్చింది కిరాయి బండా సారూ?"

"ఎట్లయినా వాపస్ పోవాల్నాయె," అన్నాడు బాపు అలవాటుగా. అప్పుడు ఆ మాట అర్థమై నా వైపు తిరిగాడు. "ఎవలు పోతరు? ఏంది నువ్వనేది?"

"అనసూర్యను తీస్కపోత బాపు. కాన్పు అయ్యేదాక అక్కడ్నే ఉంటం."

"కిరాయి ఇంట్ల కాన్పా? నలుగురు ఏమనుకుంటరు? మొదటి వాన వడుతె విత్తనాలెవలు వేస్తరు?"

"జీతగాణ్ణి పెట్టు. లేకుంటె ఈ యేడు సగం బీడు పెట్టు."

"బీడా?" బాపు ఆ మాటను నోట్లో తిప్పి చూసుకొన్నాడు. కోడలి వైపు చూశాడు. ఆమె తల దించలేదు. ఆయన అరుగు మీద కూర్చొని మోకాళ్ళు రుద్దుకొన్నాడు. చివరికి, "సందుగ నేను మోసుకొస్త. నువ్వు ముట్టకు పిల్లా," అని లోపలికి పోయాడు.

అంతయ్య ఇంకా స్టీరింగు పక్కనే ఉన్నాడు. జిన్నింగు మిల్లు వెనక కూలీల అర్రలు కార్తీకం దాకా ఖాళీగా ఉంటాయని, అక్కడి కావలివాణ్ణి తాను ఎరుగుదునని అన్నాడు. నేను వెంటనే ఇంజను రేకు మీద చేయి వేశాను. అతడు నా చేతిని చూసి, తన చేతిని మళ్ళీ చక్రం మీద పెట్టాడు.

"కప్పు కారుతదా?"

"ఒక మూల కారుతది."

"నీళ్ళు?"

"చేదబావి ఉన్నది. పక్కపొంటే."

"దవాఖాన ఎంత దూరం?"

"నడుస్తె పావుగంట. గీ బిడ్డ నడిస్తె అరగంట."

"మరి నువ్వెందుకు చెప్తున్నవు ఇదంత?"

"కొమురెల్లి బిడ్డ గదా," అన్నాడు.

నేను పూర్తిగా నమ్మలేదు. కావలివాడి దగ్గర అతనికి ఏదో లాభం ఉండి ఉంటుంది. కానీ ఆ పూటకు నేను అతణ్ణి నమ్మవలసిన అవసరం లేదని మొదటిసారిగా గ్రహించాను. ఐదు మైళ్ళ నేల గట్టిగా ఉంది. వెనక చక్రాలు లాగుతున్నాయి. నాకు కావలసినవి ఆ రెండే, ఆ రెంటినీ నేను చూశాను.

ఒకరి దగ్గరికి మాత్రం నేనే పోవలసి ఉంది. ఐలవ్వ ఇంటి ముందు చేట పట్టుకొని జొన్నలు చెరుగుతోంది. నన్ను చూసి చేట ఆపలేదు.

"అవ్వా, అనసూర్యను ఇయ్యాలనే పట్నం తీస్కపోతున్న. నువ్వు గూడ రావాలె."

"ఏమైంది?"

"ఏం కాలే. కాకముందే పోతున్నం."

ఆమె చేట కింద పెట్టింది. కళ్ళు చిన్నవి చేసుకొని చూసింది.

"నేను చెప్పింది నమ్మినవా మరి?"

అవునంటే సులభంగా ఉండేది. ఆమె అడిగిన తీరుకు అబద్ధం పనికిరాదు.

"నమ్ముడు నాకు జల్ది రాదు అవ్వా. నమ్మినంక పోదామంటె ఆలస్యమైతది. గందుకె పోతున్న."

"పెద్ద చదువు," అంది ఐలవ్వ. "పెద్ద చదువంటె గిట్లనె ఉంటది గావచ్చు." లోపలికి పోయి, రెండు చీరలు మూట కట్టుకొని, తలుపుకు గొళ్ళెం వేసి నా ముందు నడిచింది. దారిలో ఒక్కసారే మాట్లాడింది. "దవాఖానల డాక్టరమ్మ నన్ను లోపలికి రానిస్తదా?"

"తెల్వదు అవ్వా. అడుగుదాం."

వచ్చేసరికి బాపు సందుగను, గిన్నెల మూటను, బియ్యం బస్తాను జీపు వెనక సర్దాడు. అనసూర్య ముందు సీట్లో మడత పెట్టిన బొంత మీద కూర్చొని ఉంది. బాపు ఆమె పక్కన నిలబడి, ఏదో చెప్పబోయి, అంతయ్య మీద విసుక్కొన్నాడు.

"గుంతలల్ల జర మెల్లగ తోలు. ఎద్దు గాదు, కొడితె ఇననీకి."

నేను, ఐలవ్వ వెనక ఎక్కాము. బడి తెరవడానికి ఇంకా పది రోజులున్నాయి. సెలవు చీటీ పట్నం నుంచి రాయవచ్చు. జీపు కదిలింది. రేగడి మీద ఎక్కడా ఆగలేదు. రెండేళ్ళ కింద బండి దిగబడిన చోటు ఏదో నాకు తెలుసు; అక్కడ కూడా నేల తక్కిన నేలలాగే ఎండి ఉంది. అనసూర్య అటు చూసిందో లేదో వెనక నుంచి నాకు కనిపించలేదు.

వాగు దగ్గర అంతయ్య వేగం తగ్గించాడు. నీళ్ళు లేవు. అవతలి గట్టు దాకా తెల్లటి ఇసుక.

"ఇసుకల పోతదా అన్నా?" అని అడిగాను.

"మనుషులు దిగితె పోతది. పొద్దుగాల ఒక్కణ్ణే ఉంటి, గిప్పుడు సామానున్నది, ఎనుక నుంచి ఒకలు తోయాలె."

దిగాము. ఐలవ్వ అనసూర్య చేయి పట్టుకొని ముందు నడిచింది. ఇద్దరూ ఆగి ఆగి, ఇసుకలో కాళ్ళు ఊనుకొంటూ అవతలికి చేరారు. నేను చెప్పులు విప్పి జీపు వెనక రేకుకు రెండు చేతులూ ఆనించి తోశాను. చక్రాలు ఒకసారి ఇసుక చిమ్మాయి; రెండోసారి పట్టుకొన్నాయి. గట్టెక్కిన తరువాత అనసూర్యను సీట్లో కూర్చోబెట్టి, ఐలవ్వ మూటను అందుకొని, నేనూ ఎక్కాను.

"తోలు," అన్నాను.